చివరి తడి టోకెన్లు

"కాలువ నీళ్లు ఫోన్లకు ఎట్ల ఎక్కుతయి మేడం?" అని నన్ను మొట్టమొదట అడిగింది మా లష్కరు. కాలువ గట్టు వెంబడి తిరుగుతూ షట్టర్లు ఎత్తి దించే మనిషిని మా నీటిపారుదల శాఖలో లష్కర్ అంటారు. ఆయన్ని రైతులూ మేమూ అందరం భాయ్ అనే పిలిచేవాళ్లం. "నీళ్లు ఎక్కవు భాయ్, వంతులు ఎక్కుతయి" అన్నాను. ఆయన తల ఊపాడు కాని నమ్మలేదు.

ఇప్పుడు ఆ కాలువ సెక్షన్‌లో నేను కూర్చున్న కుర్చీలో ఒక కొత్త ఇంజనీరమ్మ కూర్చుంటోంది. ఈ మధ్య నిజామాబాద్‌లో మా ఇంటికి వచ్చి, "మేడం, రైతుల మధ్య ఏ మాట వచ్చినా 'ఆ యేడు చివరి తడికి ఏమైందో పాత మేడంను అడుగుండ్రి' అంటున్నారు. ఏమైంది?" అంది. ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలు చదువుతారని ఆశ. ఎవరి పేరూ రాయడం లేదు. ఆ ఊళ్ల వాళ్లు ఎలాగూ గుర్తుపడతారు. మిగతావాళ్లకు పేర్లతో పని లేదు.

మాది బోధన్ అవతల ఒక ఉపకాలువ. పెద్ద కాలువ నుంచి చీలిన చోట మొదటి తూములన్నీ క్యాంపు రైతులవి. క్యాంపు అంటే కోస్తా నుంచి తాతల కాలంలో వచ్చి, కాలువ కింద భూములు కొని, చెరుకు పండించిన కుటుంబాల ఊరు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక వాళ్లూ వరికే మళ్లారు. ఉపకాలువ పారి పారి సన్నబడే చోట ఇక్కడి పాత ఊరి రైతులవి చిన్న చిన్న మడులు. మగవాళ్లలో సగం మంది గల్ఫ్‌లో ఉంటారు. ఆడవాళ్లు పొద్దున పొలం, మధ్యాహ్నం నుంచి బీడీలు. పైన వాళ్లకు నీళ్లు ఎక్కువని కింద వాళ్లు, కింద వాళ్లు తూములు పగలగొడతారని పైన వాళ్లు. నేను ఆ సెక్షన్‌కు వెళ్లిన కొత్తలో నా పని ఇంజనీరు పని కంటే పెద్దమనిషి పనిలాగే ఉండేది.

అలాంటప్పుడు హైదరాబాద్ నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఒక అమ్మాయి వచ్చింది. చదువు కంప్యూటర్లది. ఎండకు మొహం కందిపోయినా టోపీ పెట్టుకోదు. నీళ్ల పంపకాన్ని బ్లాక్‌చెయిన్ మీద పెడదామంది. ప్రతి పంటకాలం మొదట్లో ఎకరాల లెక్కన ప్రతి రైతు ఫోన్‌కు టోకెన్లు వస్తాయి. తన వంతు వచ్చినప్పుడు రైతు టోకెన్లు వాడితే, ఆ మేరకు భాయ్ ఆయన తూము తెరవాలి. మిగిలినవి తర్వాతి పంటకు దాచుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. నియమాలు మార్చాలంటే అందరూ ఫోన్‌లోనే ఓటు వేయాలి. ఎవరి దగ్గర ఎన్ని టోకెన్లుంటే అన్ని ఓట్లు.

"మా ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టుకుంటే సరిపోదా?" అని అడిగాను.

"ఒక్క చోట పెడితే ఆ చోట కూర్చున్నవాళ్లు మార్చొచ్చు మేడం. ఇది క్యాంపులో, ఊళ్లో, మీ ఆఫీసులో, మా దగ్గర, అన్ని చోట్లా ఒకేసారి ఉంటుంది. ఒకరు మార్చితే మిగతావి ఒప్పుకోవు" అంది.

క్యాంపు వాళ్లకు మా శాఖ మీద అనుమానం కాబట్టి వాళ్లకు నచ్చింది. కాలువ చివరి రైతులకు క్యాంపు మీద అనుమానం కాబట్టి వాళ్లకూ నచ్చింది. ఒకరినొకరు నమ్మని మనుషుల కోసమే ఎవరో ఆలోచించి చేసిన వస్తువులా ఉందని నాకు అనిపించింది.

నియమాలు రాసుకునే రోజు మా డిప్యూటీ ఇంజనీరు గారు కూడా వచ్చారు. ఆయన మంచి మనిషి. ఏ కాగితం మీదైనా తొందరపడి సంతకం పెట్టకపోవడమే ఆయన జీవిత సూత్రం. "నియమం మార్చాలని ఓటు పడ్డా, పక్షం రోజుల తర్వాతే అమల్లోకి రావాలి. జనం ఆవేశంలో ఏదో ఒకటి చేసేస్తారు. ఆలోచించుకోవడానికి వ్యవధి ఉండాలి" అన్నారు. ఎంత తెలివైన మాట అనుకున్నాం అందరం. ఆ అమ్మాయి అక్కడికక్కడే దాన్ని కూడా చేర్చింది.

వానాకాలం బాగా నడిచింది. వానలు సమయానికి పడ్డాయి. కాలువ నీళ్లతో ఎవరికీ పెద్దగా అవసరం రాలేదు. తూముల దగ్గర కొట్లాటలు తగ్గాయి. భాయ్‌కి మాత్రం తన పెద్దరికం పోయినట్టు అనిపించింది. "మొన్నటిదాంక షట్టర్ ఎత్తుమని నా ఎంబడి తిరిగేటోళ్లు. గిప్పుడు సలాం గూడ చేస్తలేరు" అని వాపోయేవాడు. ఈ టోకెన్లు ఒక్క పంటకే మూలన పడతాయని ఆయన గట్టిగా చెప్పేవాడు. భాయ్ జోస్యాలు ఫలించడం నేను ఎన్నడూ చూడలేదు. ఇదీ ఫలించలేదు.

క్యాంపులో ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన తండ్రి చెరుకు కోసమే ఇక్కడికి వచ్చాడట. ఫ్యాక్టరీ మూతపడ్డాక అందరూ చెరుకు మరిచిపోయినా ఆయన మరిచిపోలేకపోయాడు. వానాకాలం పంట అయ్యాక వచ్చిన ఆ యాసంగిలో తన పొలంలో మంచి ముక్క చూసి మళ్లీ చెరుకు నాటాడు. గానుగ ఆడించి బెల్లం చేస్తానన్నాడు. కొడుకులు నవ్వారు. "నవ్వితే నవ్వనివ్వండి మేడం. పొద్దున లేచి చెరుకు ఆకు చప్పుడు వింటే నాకు ఒళ్లు తేలికవుతుంది" అన్నాడు నాతో.

చెరుకుకు నీళ్లు ఎక్కువ కావాలి. దానికి ఆయన ముందే ఏర్పాటు చేసుకున్నాడు. వానాకాలంలో చివరి రైతులకు టోకెన్లు మిగిలిపోయాయి. వానలు పడుతుంటే వాటితో ఏం చేసుకుంటారు? ఆయన తన ట్రాక్టర్‌తో వాళ్ల మడులు దున్ని పెట్టాడు. బదులుగా వాళ్లు మిగిలిన టోకెన్లు ఆయన ఫోన్‌కు పంపారు. ఇందులో దాపరికం లేదు, మోసం లేదు. అందరి ఫోన్లలోనూ కనిపించింది. ట్రాక్టర్ పని ఉత్తి పుణ్యానికి అయిపోయిందని చివరి రైతులే సంబరపడ్డారు.

యాసంగి సగం అయ్యేసరికి ప్రాజెక్టులో నీళ్లు అడుగంటాయి. ఇక ఒక్క తడికి మాత్రమే నీళ్లు వదులుతామని పై నుంచి వర్తమానం వచ్చింది. అప్పటికి చివరి మడుల్లో వరి గింజ పాలు పోసుకుంటోంది. ఆ ఒక్క తడి అందితే పంట చేతికి వస్తుంది. అందకపోతే కంకుల నిండా తాలు. వాళ్ల దగ్గర టోకెన్లు కొద్దిగానే మిగిలాయి. పెద్దాయన దగ్గర కుప్పగా ఉన్నాయి. ఆయన తన తూములన్నీ తెరుచుకుంటే కాలువలో మట్టం పడిపోతుంది, నీళ్లు చివరిదాకా పాకవు. ఎవరైనా నియమం తప్పారా అంటే తప్పలేదు. అంతా మేం అనుకున్నట్టే నడిచింది, అన్యాయం మాత్రం కళ్ల ముందు నిలబడింది.

క్యాంపు కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టాం. అటు కుర్చీల్లో క్యాంపు వాళ్లు, ఇటు కింద జంపఖానా మీద చివరి రైతులు. కుర్చీలు చాలా ఖాళీగానే ఉన్నాయి, అయినా ఎవరూ లేచి కూర్చోలేదు. ఆ అమ్మాయి లాప్‌టాప్ తెరిచి నా పక్కన కూర్చుంది. పెద్దాయనే ముందు మాట్లాడాడు.

"నేనేమన్నా దొంగతనం చేశానా? మీరే ఇచ్చారు. నా ట్రాక్టర్ మీ పొలాల్లో తిరిగింది. ఇవాళ నీళ్లు తగ్గాయని మాట మారిస్తే ఎలాగండీ?"

జంపఖానా మీద నుంచి ఒకామె లేచింది. చివరి తూము కింద ఆమెది చిన్న మడి. భర్త గల్ఫ్‌లో ఉంటాడు. మహిళా సంఘంలో నలుగురూ ఆమె మాట వింటారు. పొలం పనికీ బీడీల పనికీ మధ్యలో వచ్చినట్టుంది, కొంగుకు తునికాకు ముక్కలు అంటుకుని ఉన్నాయి. పెద్దాయన్ని అక్కడి వరసలో కాక, అంటే బాబాయి, అని పిలిచింది.

"కాదంటలేను కాక. మేమే ఇచ్చినం, మీరు దున్నిండ్రు. దాంట్ల మీ తప్పు లేదు. నేను గది అడగనీకె రాలే. గీ చెరుకు ఎవలు కొడ్తరు, గది చెప్పుండ్రి."

పెద్దాయన తడబడ్డాడు. "కోతా? దానికింకా బోలెడు టైముంది కదమ్మా."

"ఉన్నది. వెనకట ఫ్యాక్టరీ ఉన్నప్పుడు మహారాష్ట్రకెళ్లి బండ్లు కట్టుకోని వస్తుండె కొట్టెటోళ్లు. ఫ్యాక్టరీ బందైనంక ఎవలన్న వచ్చిండ్రా? మీ క్యాంపుల పిల్లలు కొడువలి పడ్తరా?"

పెద్దాయనకు ఆ బెంగ ముందు నుంచీ ఉందని నాకు తెలుసు. మనుషులు దొరకకపోతే చెరుకు పొలంలోనే ఎండిపోతుందని ఆయన నాతో ఒకసారి అన్నాడు.

"మేం కొడ్తం" అందామె. "మా అత్తలు, మా అవ్వలు కొట్టిన చెరుకే గది. మా సంగం ఆడోళ్లం అందరం వస్తం. మా వడ్లు పండనీయుండ్రి, మీ చెరుకు సంగతి మేం జూసుకుంటం."

"ఇవ్వకపోతే రారా?" అని అడిగాడు పెద్దాయన. బెదిరింపు కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

ఆమె కొంగు మీది ఆకు ముక్క దులుపుకుంది. "వస్తం గావచ్చు కాక. కూలి కావాలె గద మాకు. గని మనసుల పెట్టుకోని కొడ్తం."

కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాయన కూడా నవ్వేశాడు. ఆ నవ్వుతో హాల్లో గాలి కాస్త ఆడినట్టయింది. తర్వాత మాటలు త్వరగానే కుదిరాయి. నీళ్లు తక్కువైన తడికి ముందుగా ప్రతి మడికీ ఒకసారి నీళ్లు అందాలి, ఇతరుల నుంచి తీసుకున్న టోకెన్లు ఆ తర్వాతే చెల్లాలి అని కొత్త నియమం రాశాం. అందరూ ఫోన్లు తీశారు. ఎక్కువ ఓట్లు పెద్దాయనవే కాబట్టి ఆయన వేలు ఎటు పడితే అటు తేలుతుంది. ఆయన ఔననే వేశాడు. నియమం నెగ్గింది. చప్పట్లు కొట్టాం.

చప్పట్లు ఆగాక చూస్తే, నా పక్కనున్న అమ్మాయి మొహం పాలిపోయి ఉంది.

"మేడం," అంది చిన్నగా, "ఇది పక్షం రోజుల తర్వాత గాని అమల్లోకి రాదు."

మరునాడే నీళ్లు వదిలేది. పక్షం రోజులంటే వరి గడ్డి అయిపోతుంది. విషయం తెలిసి హాలంతా గొల్లుమంది. నేను మా డిప్యూటీ గారికి ఫోన్ చేశాను. ఆయన "ఇంత తొందర పని పడుతుందని అనుకోలేదు మేడం" అన్నారు. పాపం, ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది.

"సర్కారు ఫైలు నడిచినట్టే నడుస్తున్నది గీ ఫోను. మంచిగనే నేర్సుకున్నది" అన్నాడు భాయ్.

చివరి రైతుల్లో ఒకాయన ఆ అమ్మాయిని నిలదీశాడు. "నువ్వు జేసిందే గద బిడ్డా. నువ్వే మార్చు."

"నేను మార్చగలిగితే రేపు ఇంకెవరైనా మార్చగలరు పెదనాన్నా. ఎవరూ మార్చలేకుండా చెయ్యమని కదా మీరు అడిగింది" అంది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. ఆయన మళ్లీ జంపఖానా మీద కూర్చున్నాడు.

భాయ్ నా దగ్గరికి వచ్చి వంగి నెమ్మదిగా చెప్పాడు. "మేడం, మీరు ఊ అనుండ్రి. గీ ఫోన్లన్ని పక్కన పెట్టి, క్యాంపు తూములు బంద్ చేసి, నీళ్లు కిందికి పంపుత. నాకేం భయం లేదు."

నాకూ చెయ్యాలనిపించింది. ఆ షట్టర్ల మీద అధికారం నాది. ఒక్క మాట అంటే చాలు. ఆ వరి కంకులు నేను చేత్తో పిండి చూశాను, పాలు కారాయి. కాని కుర్చీల్లోంచి క్యాంపు వాళ్లు మా ఇద్దరినీ చూస్తున్నారు. ఇవాళ మంచి కోసం నేను ఫోన్లను కాదని షట్టర్లు దించితే, రేపు ఇంకో ఇంజనీరు ఇంకో కారణంతో ఎత్తుతాడు. అప్పుడు ఎవరి ఫోన్లో ఏముందన్నది ఎవరూ పట్టించుకోరు. మళ్లీ పాత కొట్లాటలే. "వద్దు భాయ్" అన్నాను. ఉద్యోగంలో నేను అన్న మాటల్లో అంత బరువుగా నోట్లోంచి వచ్చిన మాట ఇంకొకటి లేదు. చివరి తూము ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

పెద్దాయన అంతసేపూ తన ఫోన్ వంకే చూస్తున్నాడు. తలెత్తి ఆ అమ్మాయిని అడిగాడు.

"నియమం మార్చడానికి పక్షం రోజులన్నావు. మరి ఇవ్వడానికి ఎన్నాళ్లు పడుతుందమ్మా?"

ఆ అమ్మాయికి వెంటనే అర్థం కాలేదు. "ఏం ఇవ్వడానికి తాతగారూ?"

"టోకెన్లు. నావి నేను ఇచ్చేసుకుంటే?"

"దానికి ఆగక్కర్లేదు. మీరు వేలు పెట్టగానే వెళ్లిపోతాయి" అంది. అంటూనే లేచి నిలబడింది.

ఆయన కొడుకు వెనక నుంచి, "నాన్నా, చెరుకు ఎండిపోద్ది. ఆలోచించుకో" అన్నాడు.

"కొంత ఎండుద్ది. బోరు ఉంది కదా, కొంత నిలబడుద్ది" అన్నాడాయన. "కోసేవాళ్లు లేని చెరుకు నిలబడి ఏం చేసుద్దిరా?"

కుర్చీ జంపఖానా వైపు తిప్పుకుని కూర్చున్నాడు. అప్పుడు మొదలైంది అసలు పని. టోకెన్లు అందరికీ ఒక్కసారిగా పంపే వీలు లేదు. ఒక్కొక్కరికి విడిగా పంపాలి. ప్రతిసారి ఎవరికో చూసి, ఆయనే స్వయంగా వేలు పెట్టాలి. ఆయనకు చూపు సరిగా ఆనదు. ఆ అమ్మాయి పేర్లు చదివి వినిపించేది, ఫోన్ మాత్రం ముట్టుకునేది కాదు. పేరు చదవగానే జంపఖానా మీద నుంచి ఆ మనిషి లేచి ఆయన ముందుకు వచ్చేవాడు.

"నీ మడి ఎక్కడ బాబూ?"

"మోరీ అవతల. మా బాపు మీ ఫ్యాక్టరీ బండ్లు తోలెటోడు."

"బండ్లు తోలేవాడా? ఎర్రటి ఎడ్లు కదూ వాళ్లవి?"

"ఆ, గవ్వే."

ఇలా ఒక్కొక్కరి దగ్గరా మాట సాగేది. పక్క పక్క పొలాల వాళ్లే, ఒకే కాలువ నీళ్లు తాగినవాళ్లే. అయినా ఒకరి ఇంటి సంగతి ఇంకొకరికి తెలియదు. ఒకాయన పెళ్లికి సిరికొండ వెళ్లాడు. ఆయన ఫోన్‌లోనే మాట్లాడి, నీళ్లు ఎవరు కట్టుకుంటారో చెప్పాడు. ఒక ముసలామెకు ఫోన్ లేదు, కోడలి ఫోన్‌కు పంపాలా వద్దా అన్నదాని మీద అత్తాకోడళ్ల మధ్య చిన్న చర్చ జరిగింది. చివరికి అత్త ఒప్పుకుంది, కోడలు తనకు చెప్పకుండా వాడకూడదన్న షరతు మీద.

మధ్యలో ఒక పొరపాటు. ఒకే పేరున్న ఇద్దరిలో క్యాంపు కుర్రవాడికి వెళ్లిపోయాయి. వెనక్కి తీసుకోవడానికి లేదు. హాలు మొత్తం వాడి వైపు తిరిగింది. వాడు ఎర్రబడి, "నేనేం దాచుకోను, ఇదుగో పంపుతున్నా" అంటూ అసలు మనిషికి పంపేశాడు. ఆ తర్వాత క్యాంపు వాళ్లలో ఇంకో ముగ్గురు నలుగురు తమవీ కొన్ని ఇస్తామని లేచారు. కొందరు లేవలేదు. లేవనివాళ్లను ఎవరూ ఏమీ అనలేదు. క్యాంపు ఆడవాళ్లు బిందెలతో మజ్జిగ తెచ్చారు. ఎప్పుడు లేచారో ఏమో, నేను చూసేసరికి చివరి రైతులు కొందరు కుర్చీల్లో కూర్చుని మజ్జిగ తాగుతున్నారు.

ఆ తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను. పక్షం రోజులు గడిచాక కొత్త నియమం ఫోన్లలో అమల్లోకి వచ్చింది. అప్పటికి ఎవరికీ దాని అవసరం లేదు, వరి పసుపు రంగు తిరిగింది. దాంతోపాటు ఇంకొకటి కూడా ఓటు వేసి మార్చుకున్నారు. నీటి కొరత సమయంలో మార్పులు వెంటనే అమలయ్యేలా. మా డిప్యూటీ గారు దానికి ఒప్పుకున్నారు గాని, వెంటనే అన్న మాట దగ్గర కాసేపు ఆగారు. పెద్దాయన చెరుకులో బోరుకు దూరంగా ఉన్న భాగం గిడసబారింది, మిగతాది నిలబడింది. ఆ పై వచ్చిన చలికాలంలో సంఘం ఆడవాళ్లు వచ్చి కొట్టారు. మొదటి రోజు చేతులు కోసుకున్నవాళ్లే ఎక్కువ. అవ్వలు కొట్టిన చెరుకు మనవరాళ్లకు వెంటనే చేతికి రాలేదు మరి. గానుగ దగ్గర వేడి బెల్లం పాకం అందరూ ఆకుల్లో పట్టుకుని తిన్నారు. నేనూ తిన్నాను. ఆ అమ్మాయి ఇప్పుడు ఇంకో జిల్లాలో చెరువు చేపల పంపకం మీద పని చేస్తోందట. నియమాలు రాసేముందు అక్కడివాళ్లను ఒకే గదిలో, ఒకే ఎత్తులో కూర్చోబెడుతున్నానని ఫోన్‌లో చెప్పింది.

పిల్లలారా, ఆ యంత్రం మంచిదా చెడ్డదా అని మీరు అడిగితే నాకు తెలియదు. అది అబద్ధం చెప్పలేదు, అంతవరకు సాక్షిని. ఎవరికి ఎంత ఇవ్వాలో మాత్రం దానికి తెలియదు. అది మనుషులే కూర్చుని తేల్చుకోవాల్సి వచ్చింది.

నీళ్లు వదిలిన పొద్దున భాయ్ షట్టర్ ఎత్తాడు. తనకు ఇష్టం లేని పనినైనా ఆయన శుభ్రంగా చేస్తాడు. ఫోన్లో చూసుకుంటూ, ఒక్కో తూము ఎంత తెరవాలో అంతే తెరిచాడు. నేనూ ఆ అమ్మాయీ బండి మీద గట్టు వెంట నీళ్లతో పాటే వెళ్లాం. నీటి మొన ముందు ఎండుటాకులు, నురగ కొట్టుకుపోతున్నాయి. ఒక్కోచోట నీళ్లు పగుళ్లలోకి ఇంకిపోయి ఆగినట్టు ఉండేవి, మేం బండి ఆపేవాళ్లం, మళ్లీ నిండి కదిలేవి. చివరి తూము దగ్గర ఊరి వాళ్లు చాలామంది చేరారు. నీళ్లు కనిపించగానే చివరి తూము ఆమె పార భుజాన వేసుకుని తన మడి వైపు నడిచింది.

అంతలో గట్టు మీద పాత స్కూటర్ చప్పుడు. పెద్దాయన. ఇంతకాలం ఆ కాలువ కింద వ్యవసాయం చేసినా, చివరిదాకా రావడం ఆయనకు అదే మొదటిసారట. దిగి అటూ ఇటూ చూశాడు. తూము అవతల కాలువ లేదు. ఒక సన్నటి బోదె, దాని తర్వాత వరి.

"కాలువ ఇక్కడితో అయిపోయినట్టేనా?" అన్నాడు.

"మీ దిక్కు నుంచి వస్తే అయిపోయినట్టే కాక. మాకు గీడనే షురువైతది" అందామె, మడిలో గండి తీస్తూనే.

ఆయన చెప్పులు విడిచి, పంచె పైకి దోపుకుని కాలువలోకి దిగాడు. తూము నోటికి తుంగ, నాచు అడ్డంపడి నీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి. రెండు చేతులతో లాగి గట్టు మీదకు విసిరాడు. తర్వాత నడుము నిలబెట్టి నా వైపు కోపంగా చూశాడు.

"ఏంటి మేడం, ఇక్కడ పూడిక తీయించలేదేంటి? ఇలాగైతే మాకు నీళ్లెట్లా వస్తాయి?"

నా ఉద్యోగమంతా ఆ ప్రశ్న నన్ను చివరి రైతులే అడిగారు. క్యాంపు మనిషి అడగడం అదే మొదలు. "తీయిస్తాను" అన్నాను.